అమ్మ పేరు ‘ఆన్’ కాదు

జూలై ఒకటి వచ్చేసరికి బోధన్ చుట్టుపక్కల పొలాల్లో ఆడవాళ్లు నడుములు వంచి నాట్లేస్తుంటారు. పట్టణంలో రోటరీ వాళ్లకు అదే కొత్త సంవత్సరం. మెడలో పతకం ఒకరి నుంచి ఇంకొకరికి మారుతుంది. అప్పట్లో వేదిక వెనక బ్యానరు మీద నినాదం కూడా మారేది. చక్కెర ఫ్యాక్టరీ బాగా నడిచిన రోజుల్లో శక్కర్‌నగర్ నుంచి అలాంటి సభలకు నాన్న వెంట వెళ్లేదాన్ని. నాన్న ‘రొటేరియన్’, అమ్మ ‘ఆన్’, నేను ‘ఆనెట్’. అమ్మను ఆ హాల్లో ఎవరూ పేరుతో పిలవగా నేను వినలేదు.

ఆ ఆన్ ఎవరో చాలా ఏళ్లకు తెలిసింది. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హ్యూస్టన్ మహాసభకు రోటరీ సభ్యులు ప్రత్యేక రైలులో వెళ్లారు. అందులో ఉన్న ఒకే ఒక్క స్త్రీ ఆన్ బ్రూనియర్. సరదాకి ఆమెను ‘రోటరీ ఆన్’ అన్నారు. హ్యూస్టన్‌లో కలిసిన గై గండేకర్ భార్య పేరు కూడా ఆన్ కావడంతో ఆ పిలుపు నిలిచిపోయి, క్రమంగా సభ్యుల భార్యలందరికీ అంటుకుంది. గండేకర్ 1923-24లో, బ్రూనియర్ 1952-53లో అంతర్జాతీయ అధ్యక్షులయ్యారు. చరిత్రలో భర్తలు తమ పేర్లతోనే ఉన్నారు. భార్యల పేరేమో లక్షలమంది ఇతర స్త్రీల పేర్లను మింగేసింది.

1905లో చికాగోలో పుట్టిన ఈ సంస్థలో సభ్యత్వం వృత్తిని బట్టి ఉండేది. డాక్టరు, వకీలు, మిల్లు యజమాని. ఇంటిపనికి, నిజామాబాద్ గడపల్లో బీడీలు చుట్టే పనికి అందులో చోటెక్కడుండేది? 1911లో ఆర్థర్ షెల్డన్ ఇచ్చిన నినాదం, బాగా సేవచేసే ‘అతడి’కే ఎక్కువ లాభం అంటుంది. కంటి శిబిరంలో రోగులకు వండించి, రాత్రి వాళ్ల పక్కన కూర్చున్నది మా అమ్మలాంటి ‘ఆమె’లు.

ముగ్గురు స్త్రీలను చేర్చుకున్నందుకు కాలిఫోర్నియాలోని డ్వార్టే క్లబ్బు 1978లో గుర్తింపు పోగొట్టుకుంది. ఆ తగువు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1987లో ఆ క్లబ్బుకు అనుకూలంగా తేలింది. 1989లో స్త్రీలకు ప్రపంచమంతటా తలుపు తెరిచారు. నినాదంలో ‘అతడు’ మాత్రం 2004 వరకూ కదల్లేదు!

మన దేశం నుంచి అధ్యక్షులైన నలుగురూ మగవాళ్లే. 1962-63లో నితీశ్ లాహరి నీలోని నిప్పురవ్వను రాజెయ్యమన్నారు. 1991-92లో రాజేంద్ర సాబూ నినాదం, నిన్ను దాటి చూడు అని. 2011-12లో కల్యాణ్ బెనర్జీ, 2021-22లో శేఖర్ మెహతా. ‘నిన్ను దాటి చూడు’ దగ్గర నేను ఆగిపోతాను. దాటడానికి ముందు ‘నేను’ అనేదొకటి ఉండాలి కదా. అమ్మ ఎప్పుడూ ఇతరులనే చూసింది. తనవైపు చూసుకోమని ఏ బ్యానరూ చెప్పలేదు.

స్త్రీలకు వేరే సంఘం లేకపోలేదు. మార్గరెట్ గోల్డింగ్ 1924లో మాంచెస్టర్‌లో ఇన్నర్ వీల్ స్థాపించింది. ఆమె నర్సు, వ్యాపారం కూడా నడిపింది. అయినా ఆ సంఘంలోకి దారి దశాబ్దాలపాటు భర్త లేదా తండ్రి రోటరీ సభ్యత్వం మీదుగానే.

2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. 2022లో కెనడాకు చెందిన జెన్నిఫర్ జోన్స్ రోటరీకి మొదటి మహిళా అధ్యక్షురాలైంది. ఊహించండి అన్నది ఆ ఏటి నినాదం. ఆ వార్త చదివి వినిపిస్తే అమ్మ కాసేపు ఆలోచించి అడిగింది:

“మరి ఆమె పెనిమిటిని ఏమని పిలుస్తరు బిడ్డా?”