పెంకు పురుగు కారుకి రెండు కార్బొరేటర్లు

ఈసారి పోస్టు పంట గురించి కాదు, ఒక పాత కారు ఇంజిన్ గురించి. మనకెందుకు అనుకోకండి, చివరికి మన తైవాన్ పంపు దగ్గరికే వస్తాను.

బీటిల్ అనే కారు ఫొటో మీరు ఎక్కడో చూసే ఉంటారు. బోర్లించిన చిప్పలా గుండ్రంగా ఉంటుంది. బీటిల్ అంటే మన భాషలో పెంకు పురుగే. జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే అనే ఇంజనీరు 1930ల్లో దీన్ని తయారు చేశాడు, కంపెనీ ఫోక్స్‌వాగన్. ఇంజిన్ వెనకాల ఉంటుంది. రేడియేటర్ లేదు, నీళ్లు పోసే పనే లేదు. అక్కడి చలికి రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టి ఇంజిన్ పగిలిపోతుంది, మామూలు జనానికి కారు పెట్టుకునే షెడ్డు ఎక్కడిది? అందుకని గాలితోనే చల్లబడేట్టు చేశారు. నాలుగు సిలిండర్లు, కుడివైపు రెండు, ఎడమవైపు రెండు, పడుకోబెట్టినట్టు ఉంటాయి. చుట్టూ మన మోటార్‌సైకిల్ ఇంజిన్‌కి ఉన్నట్టే రెక్కలు. పైన ఒక ఫ్యాను రేకు డబ్బాలోంచి గాలి కొడుతూ ఉంటుంది.

కార్బొరేటర్ మాత్రం ఒక్కటే. సోలెక్స్ వాళ్లది, చిన్నది, మధ్యలో కూర్చుంటుంది. అక్కణ్ణుంచి రెండు పక్కలకీ పొడుగాటి పైపు. చలికి ఆ పైపులో పెట్రోలు ఆవిరి మళ్లీ చుక్కలుగా మారిపోకుండా సైలెన్సర్ వేడిని పైపు కిందికి మళ్లించారు. నాకు బాగా నచ్చింది ఏంటంటే, కార్బొరేటర్ చిన్నది పెట్టడం ఖర్చు తగ్గించడానికి మాత్రమే కాదు. ఎంత తొక్కినా ఇంజిన్ అంతకుమించి గాలి పీల్చలేదు, కాబట్టి రోజంతా ఫుల్ స్పీడులో తోలినా తట్టుకుంటుంది. యుద్ధం అయ్యాక వచ్చిన 1131 సీసీ ఇంజిన్ బలం 25 హార్స్‌పవర్. మన చిన్న ట్రాక్టరు అంత.

ఉన్నదానితో మనిషి ఊరుకుంటాడా! మొదట చెయ్యి పెట్టింది ఆ ఇంట్లోవాళ్లే. పెద్దాయన కొడుకు ఫెర్రీ పోర్షే 1948లో ఆస్ట్రియాలోని గ్ముండ్ అనే ఊళ్లో ఇదే ఇంజిన్‌కి హెడ్లు మార్చి 35 హార్స్‌పవర్ తీశాడు. పోర్షే పేరుతో వచ్చిన మొదటి 356 కారు అదే. 1950లో స్టుట్‌గార్ట్‌లో తయారీ మొదలయ్యేసరికి ఇంజిన్ 1086 సీసీ, రెండు సోలెక్స్ కార్బొరేటర్లు, బలం 40. లెక్క చూడండి. ఇంజిన్ సైజు పెరగకపోగా కాస్త తగ్గింది, బలం మాత్రం 25 నుంచి 40కి పోయింది. పెట్రోలు ఎక్కువ పోసినందుకు కాదు అది. హెడ్డులో గాలికి దారి పెంచి, ఒత్తిడి పెంచి, ఆ తర్వాత దానికి తగ్గ కార్బొరేటర్ పెట్టారు. ఈ వరస గుర్తుంచుకోండి.

అదే 1950ల్లో గెర్హార్డ్ ఓటింగర్ అనే జర్మన్ ఆయన ఒక్రాసా అనే పేరుతో బీటిల్ యజమానులకి కిట్లు అమ్మాడు. బీటిల్ హెడ్డులో రెండు సిలిండర్లకి కలిపి గాలి లోపలికి పోయే దారి ఒక్కటే ఉండేది. ఒకే తూము కింద రెండు మళ్లు ఉన్నట్టు. ఆయన ఏ సిలిండర్‌కి ఆ దారి ఉన్న కొత్త హెడ్లు చేసి, పక్కకొకటి చొప్పున రెండు కార్బొరేటర్లు ఇచ్చాడు. ఫోక్స్‌వాగన్ వాళ్లు మామూలు బీటిల్‌కి ఈ రెండు దారుల హెడ్డు ఇచ్చింది 1971 మోడల్‌లో, 1600 ఇంజిన్‌కి! అప్పుడు కూడా కార్బొరేటర్ ఒక్కటే ఉంచి, దాని సైజు మాత్రం 28 నుంచి 30, 30 నుంచి 34 అలా పెంచుకుంటూ వచ్చారు.

అమెరికా సంగతి వేరు. కాలిఫోర్నియాలో ఫోక్స్‌వాగన్ డీలర్ జో విటోన్ ఎంపీ అనే కంపెనీ పెట్టి బీటిల్ సామాన్లు అమ్మాడు. కుర్రాళ్లు పందేలకి దిగారు. ఇటలీ నుంచి వెబర్ కార్బొరేటర్లు, బ్రెజిల్ నుంచి కాడ్రాన్ కార్బొరేటర్లు వచ్చాయి. ఇక్కడే చాలామంది ఇంజిన్లు కాలాయి. హెడ్డు పాతదే, ఫ్యాను పాతదే, పైన మాత్రం పెద్ద కార్బొరేటర్లు రెండు. జెట్టు సరిపోక పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అయితే మంట వేడి పెరుగుతుంది. నీళ్ల ఇంజిన్ అయితే ముల్లు పైకి లేచి చెప్తుంది. గాలి ఇంజిన్‌కి చెప్పే నాథుడు లేడు. పైగా బీటిల్‌లో మూడో సిలిండర్‌కి పోయే గాలికి ఆయిల్ కూలర్ అడ్డం ఉండేది, ఎగ్జాస్ట్ వాల్వు ముందు కాలేది అక్కడే. ఆ కూలర్ని పక్కకి జరిపింది కూడా 1971 మోడల్‌లోనే.

రెండు కార్బొరేటర్లకి ఇంకో బాధ ఉంది, జోడెడ్ల బాధే. రెండూ సమానంగా లాగాలి. పాత మెకానిక్కులు రబ్బరు గొట్టం ఒక కొస చెవికి, ఇంకో కొస కార్బొరేటర్ నోటికి పెట్టి, బుస శబ్దం రెండు పక్కలా ఒకేలా ఉందా అని విని స్క్రూ తిప్పేవాళ్లు. చల్లగా ఉన్నప్పుడు సెట్ చేస్తే పనికిరాదు. ఇంజిన్ వేడెక్కి అడ్డంగా సాగుతుంది, మధ్యలో ఉన్న కడ్డీ లెక్క తప్పుతుంది.

ఇక మన పంపు. తైవాన్ పంపైనా పాత ఎక్సెల్ బండైనా గాలితో చల్లబడేవే. మైలేజీ వస్తుందని పెట్రోలు స్క్రూ బిగించేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. టూ-స్ట్రోక్ పంపులో ఆయిల్ కూడా పెట్రోలుతోనే లోపలికి పోతుంది, అంటే పెట్రోలు తగ్గిస్తే ఆయిలూ తగ్గినట్టే. మే నెల ఎండలో ఫుల్ యాక్సిలేటర్ మీద రెండు ట్యాంకులు కొట్టేసరికి పిస్టన్ పట్టేస్తుంది. ఒకసారి ప్లగ్గు విప్పి చూడండి. లేత ఇటుక రంగు ఉంటే ఫర్వాలేదు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ. తెల్లగా సున్నంలా ఉంటే పంపు ఆపేసి ముందు కార్బొరేటర్ చూపించండి.

బీటిల్ చివరి బండి 2003 జులై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో దిగింది. ఇంజిన్ అప్పటికీ గాలిదే, కార్బొరేటర్ మాత్రం లేదు, అంతకు పదేళ్ల ముందే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. మన ఎక్సెల్‌కి కూడా 2020 నుంచి అంతే కదా. మీ పంపు ప్లగ్గు ఏ రంగులో ఉందో చూసి కింద రాయండి, ఏ కంపెనీది, ఎన్నేళ్లయింది అనేది కూడా చెప్పండి.