డెల్టా ప్యాసింజరు, చొక్కా బొత్తాం

రేపల్లెలో రాత్రి డెల్టా ప్యాసింజరు ఎక్కితే తెనాలి, గుంటూరు, నల్లగొండ దాటి తెల్లారాక సికింద్రాబాదు చేర్చేది. ఎదుగుదల లేని బిడ్డను చంకనేసుకుని బోయినపల్లి వెళ్లే మావైపు తల్లులకు అనువైన బండి అదే. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వెలిసింది. దాని నలభై ఏళ్ల కథ చెప్పాలంటే భవనాలతోనో కోర్సులతోనో కాక, ఆ రైలుతో మొదలుపెట్టడమే న్యాయమనిపిస్తుంది నాకు.

మందు రాయించుకుందామని వెళ్లినవాళ్లకు అక్కడ దొరికింది మందు కాదు, చదువు. అదీ బిడ్డకే కాదు, తల్లికి కూడా. దూరం నుంచి వచ్చిన కుటుంబాలు కొన్నాళ్లుండి నేర్చుకునేందుకు ఆవరణలోనే కాటేజీలుండేవి. చొక్కా బొత్తాం పెట్టుకోవడాన్నే తీసుకోండి. మనకది ఒక్క పని. అక్కడ దాన్ని అరడజను పనులుగా విడగొడతారు. అన్నీ అమ్మే చేసి, బొత్తాన్ని కాజాలోంచి ఇవతలికి లాగే ఆఖరి పని మాత్రం పిల్లవాడికి వదులుతుంది. పని పూర్తిచేసిన సంబరం వాడిదవుతుంది. అది కుదిరాక దానికి ముందుది, ఆ తర్వాత దాని ముందుది. వెనకనుంచి ముందుకు నేర్పే ఈ పద్ధతికి యంత్రాలక్కర్లేదు, ఓపిక చాలు. వేమూరులోనైనా భట్టిప్రోలులోనైనా నడుస్తుంది.

చట్టాలు ఈ సంస్థ వెనకాలే నడిచాయి. సంస్థ పుట్టేనాటికి అమల్లో ఉన్న 1912 నాటి ఉన్మాదుల చట్టం బుద్ధిమాంద్యాన్నీ మతిభ్రమణాన్నీ ఒకే గాటన కట్టింది. 1987 చట్టం ఆ ముడి విప్పింది. 1995 చట్టం బుద్ధిమాంద్యాన్ని వైకల్యంగా ఒప్పుకుంది గాని, 3 శాతం ఉద్యోగాలను చూపు, వినికిడి, కాళ్లూచేతుల లోపాలకే పంచి వీళ్లకు మొండిచెయ్యి చూపించింది. ఆ తప్పు దిద్దడానికి 21 ఏళ్లు పట్టింది. 2016 చట్టం వాటాను 4 శాతం చేసి, నాలుగో శాతంలో ఆటిజం వంటివాటితో కలిపి చోటిచ్చింది. సంస్థ పేరులోనూ ‘మేధో వైకల్యం’ వచ్చింది. మాట మారితే బతుకు మారుతుందా అని పెదవి విరిచేవాళ్లలో నేనూ ఒకణ్ణే. కానీ వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ మీద ఏ మాట ఉంటుందో దాన్నిబట్టే కదా పింఛను!

ఇప్పుడు ఆ పింఛను మన ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000 రూపాయలు. ఇలాంటి పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలొచ్చాయి. పిల్లల విషయంలో రైలు ప్రయాణం కొంత తగ్గినట్టే. పిల్లలు పెద్దవాళ్లయ్యాకే చిక్కంతా. పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులు కూడా చట్టం దృష్టిలో వాళ్లంతట వాళ్లే సంరక్షకులు కారు. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద, కలెక్టరు ఉండే జిల్లా స్థాయి కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. 2022లో జిల్లాలు విడిపోయాక తెనాలివాళ్ల అర్జీ గుంటూరుకే పోతోంది. రేపల్లెవాళ్లది బాపట్లకు. బాపట్లకు రైల్లో వెళ్లాలంటే మాత్రం రేపల్లెవాళ్లు ఇప్పటికీ తెనాలిలో దిగి బండి మారాల్సిందే.