పెంచుకున్న దూడ

డబ్బున్న రైతు సంతకి వెళ్ళి పుష్టిగా ఉన్న ఎడ్ల జతని కొని తోలుకొస్తాడు. లేని రైతు దూడని తెచ్చి పెంచుకుంటాడు. అది కాడి మోసేదాకా ఓపిక పట్టాలి. తీరా మోసే వేళకి డబ్బున్నవాడి కన్ను దానిమీద పడకుండా కాపాడుకోవాలి. అమెరికావాళ్ళ బేస్‌బాల్ చరిత్ర చదువుతూంటే నాకు అడుగడుగునా ఈ దూడల వ్యవహారమే గుర్తుకొస్తూంటుంది.

బేస్‌బాల్ మన క్రికెట్టుకి దూరపు చుట్టం. అక్కడ ఊరికో జట్టు, జట్టుకో యజమాని. న్యూయార్కులో జనం విరగబడి వస్తారు, టిక్కెట్ల డబ్బుతో పెట్టె నిండుతుంది. చిన్న ఊళ్ళకి ఆ యోగం లేదు. మరి డబ్బులేని జట్టు కుర్రాళ్ళని తెచ్చి, తర్ఫీదిచ్చి, పెద్దవాళ్ళతో సమానంగా నిలబడగలదా? ఈ ప్రశ్నకి నూరేళ్ళు నిండాయి.

దీనికి మొదట గట్టిగా జవాబు చెప్పినవాడు బ్రాంచ్ రికీ. ఒహాయో పల్లెటూరివాడు, లా చదివినవాడు, తల్లికిచ్చిన మాట కోసం ఆదివారం పూట ఆటకి వెళ్ళని నిష్ఠాపరుడు. 1917లో ఆయన సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు పెత్తనం తీసుకునేటప్పటికి దాని నిండా అప్పులే. వచ్చినవాళ్ళ దగ్గర పరువు పోకుండా ఇంట్లోంచి తివాచీ తెచ్చి ఆఫీసులో పరిచాడని చెబుతారు. 1920 నుంచి ఆ జట్టుకి సొంత మైదానమైనా లేదు. అదే ఊళ్ళోని బ్రౌన్స్ అనే జట్టు మైదానంలో అద్దెకుండేది.

ఆ రోజుల్లో కుర్రాళ్ళు చిన్న ఊళ్ళ జట్లలో ఆడుతూ పైకొచ్చేవారు. ఆ జట్ల యజమానులు వాళ్ళని ఎక్కువ ధర ఇచ్చినవాడికి అమ్ముకునేవారు. రికీకి మనిషిని చూస్తే వాడి సత్తా ఇట్టే తెలిసేది. కాని ఆయన ఫలానా కుర్రాణ్ణి అడిగాడని తెలిస్తే చాలు, పెద్ద జట్లు ఎగబడి అంతకన్న ఎక్కువిచ్చి తన్నుకుపోయేవి. అంచేత ఆయన ఆలోచించి, కుర్రాళ్ళని కొనడం మానేసి ఆ చిన్న జట్లనే కొనడం మొదలుపెట్టాడు. పాత మైదానం స్థలం అమ్మిన డబ్బు అందుకు పనికొచ్చింది. వందలమందిని తక్కువ జీతానికి చేర్చుకోవడం, మెట్టు మెట్టుగా పైకి తేవడం, బాగా ఎదిగినవాణ్ణి తన దగ్గర ఉంచుకోవడం, మిగిలినవాళ్ళని అమ్ముకోవడం. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు కూడా 'ఫారం' పద్ధతే!

పంట బాగానే పండింది. 1926లో కార్డినల్స్ న్యూయార్క్ యాంకీస్‌ని ఓడించి మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచారు. 1926 నుంచి 1946 దాకా తొమ్మిదిసార్లు లీగు విజేతలు, అందులో ఆరుసార్లు వరల్డ్ సిరీస్ విజేతలు. డిజ్జీ డీన్, స్టాన్ మ్యూజియల్ లాంటి ఘనులంతా ఆ దొడ్లో పెరిగినవాళ్ళే.

అయితే దొడ్లో ఉన్నది దూడలు కావు గదా, మనుషులు. 1938లో బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ కార్డినల్స్ చేతికింద ఇరుక్కున్న 70 మందికి పైగా ఆటగాళ్ళకి విముక్తి ప్రసాదించాడు. వాళ్ళలో పీట్ రీజర్ అనే కుర్రాడు బ్రూక్లిన్‌కి వెళ్ళి, 1941లో లీగులో బాటింగుకి మొదటి స్థానం సంపాదించాడు. ఆ ఏడు లీగు కిరీటం బ్రూక్లిన్‌కి దక్కింది. రెండో స్థానంలో నిలబడి చూసింది కార్డినల్స్!

ఇంతకన్న పెద్ద దెబ్బ మరోటుంది. పేదవాడి ఉపాయానికి పేటెంటు లేదు. 1932లో యాంకీస్ జార్జి వైస్ అనే ఆయన్ని పెట్టుకుని తామూ ఫారం మొదలుపెట్టారు. 1936 నుంచి 1939 దాకా వరసగా నాలుగేళ్ళూ వాళ్ళే ఛాంపియన్లు. డబ్బున్నవాడు దూడల్ని కూడా పెంచడం మొదలుపెడితే లేనివాడు ఏం చేస్తాడు?

1965లో ఇందుకో విరుగుడు వచ్చింది. కొత్త కుర్రాళ్ళని ఎంచుకోవడంలో అడుగున ఉన్న జట్టుదే ముందు వంతు అన్నారు. ఓక్లండ్ జట్టు తను పెంచుకున్న కుర్రాళ్ళతోనే 1972, 73, 74లలో వరసగా మూడుసార్లు వరల్డ్ సిరీస్ గెలిచింది. కాని ఆటగాణ్ణి జీవితాంతం కట్టిపడేసే షరతు 1975లో ఒక మధ్యవర్తి తీర్పుతో వీగిపోయింది. మంచివాళ్ళు ఎక్కువ జీతం వచ్చే చోటికి వెళ్ళిపోయారు. 1977కల్లా ఓక్లండ్ తన విభాగంలో ఏడు జట్లలో ఏడోది!

అప్పట్నుంచీ లెక్క ఇలా నడుస్తోంది: పెద్ద లీగులోకి వచ్చిన ఆటగాడు ఆరేళ్ళ సర్వీసు నిండేదాకా జట్టుకి కట్టుబడి ఉండాలి. అందులో మొదటి మూడేళ్ళూ దాదాపు అడుగు జీతమే. చిన్న జట్టుకి చిక్కే అదను ఈ ఆరేళ్ళే. 2002లో ఓక్లండ్ సుమారు 4 కోట్ల డాలర్ల జీతాలతో 103 ఆటలు గెలిచింది. దానికి మూడింతలు ఖర్చుపెట్టిన యాంకీస్ గెలిచిందీ 103 ఆటలే. ఆ కథమీద పుస్తకం వచ్చింది, సినిమా వచ్చింది. లెక్కల మహిమని అందరూ మెచ్చుకున్నారు గాని, ఆ జట్టుని మోసిన హడ్సన్, మల్డర్, జీటో అనే ముగ్గురు బౌలర్లూ ఓక్లండ్ పెంచిన కుర్రాళ్ళేనన్న సంగతి ఎవరికీ అంతగా పట్టలేదు.

అదను తప్పితే ఏమవుతుందో మాంట్రియల్‌ని అడగాలి. 1994 ఆగస్టులో 74 గెలుపులు, 40 ఓటములతో అన్ని జట్లకన్నా ముందుంది. అంతలో ఆటగాళ్ళ సమ్మె వచ్చింది, ఆ ఏడు వరల్డ్ సిరీసే జరగలేదు. మరుసటి వసంతంలో జీతాలివ్వలేక ముఖ్యమైనవాళ్ళని వదులుకుంది. 2004 తరవాత ఆ జట్టే ఊరు వదిలి వాషింగ్టన్ చేరింది. కాన్సాస్ సిటీ మాత్రం ఓపిక పట్టి, పెంచిన కుర్రాళ్ళు ఒక్కసారే ఎదిగిన వేళ 2014లో తుదిపోరు దాకా వచ్చి ఓడింది, 2015లో గెలిచింది. 30 ఏళ్ళకి మళ్ళీ దక్కిన కిరీటం అది.

కాబట్టి నాకు తోచిన జవాబు ఇది. చిన్న జట్టు గెలవగలదు, కాని నిలవలేదు. నాలుగైదేళ్ళు వెలిగి, మళ్ళీ మొదట్నుంచీ నారు పోసుకోవాలి. అయినా ఆ చవక పెంపకం ఖర్చు ఇన్నాళ్ళూ భరించింది ఎవరు? యజమాని కాదు, ఏనాటికీ పెద్ద లీగు ముఖం చూడని వేలాది కుర్రాళ్ళు. 2022లో వాళ్ళు యూనియన్లో చేరారు. 2023లో కుదిరిన ఒప్పందంతో వాళ్ళ కనీస జీతాలు రెట్టింపు దాటాయి. పేద జట్టు పొదుపుకి ఇది దెబ్బే కావచ్చు. కాని దూడకి కడుపునిండా మేత పెట్టలేనివాడు దాన్ని పెంచానని చెప్పుకోకూడదు.