తోలుబొమ్మల తెర – త్యాగయ్యగారి పాట



నేను పాఠశాలలో స్వాధ్యాయము చేయుచున్న రోజులలో ఒక శ్రీరామనవమికి గుడి ముందర తోలుబొమ్మలాట కట్టినారు. “అది పామరుల ఆట, స్వరము చెడును, పోకండి” అన్నారు పెద్దలు. అరుగుమీద పడుకొని పాట మాత్రము విన్నాను. ఎన్నో ఏండ్ల తరువాత త్యాగరాజస్వామివారి దివ్యనామ కీర్తన ఒకటి వినుచుండగా ఆ రాత్రి వరుసయే మనస్సులో మెదలినది. నాటితో నా విద్యాగర్వము కొంత తగ్గినది.

స్వామివారు (1767–1847) శొంఠి వేంకటరమణయ్యగారి వద్ద సంగీతశాస్త్రము నేర్చినారు. కాని అంతకు ముందే తల్లి సీతమ్మగారి నోట రామదాసు, పురందరదాసుల పాటలు విన్నారు. ముందు చెవి, తరువాత శాస్త్రము. అందుచేతనే పంచరత్నములు రచించిన ఆ మహనీయులే, పదిమందీ కూడి పాడుకొనుటకు వీలుగా చరణములన్నీ ఒకే వరుసలో సాగు దివ్యనామ కీర్తనలనూ రచించినారు. నౌకాచరిత్రములో పున్నాగవరాళిని కూర్చినారు. అది పాములవాని నాగస్వరములో మనమందరము వినిన రాగమే కదా!

ఒక భాగవత నటుడు ఆనందభైరవిని పాడగా స్వామివారు పరవశించి, అతని కోరికపై ఇక ఆ రాగములో కీర్తన చేయనని మాట ఇచ్చినారని పెద్దలు చెప్పుదురు. ఆటవానికి అంత గౌరవము!

బొమ్మలాట నుండియే స్వామివారు గ్రహించినారని నేననను. ఇద్దరూ తోడుకొన్నది ఒకే బావి నీరు అంటాను. మేకతోలు బొమ్మ వెనుక దీపము, తెరచాటున రంగనాథ రామాయణ ద్విపదలు, నడుమ బంగారక్క హాస్యము: చదువురాని వారికి రామకథను చేర్చినది ఈ ఆటయే. నిమ్మలకుంటలో ఆ విద్యను నిలిపిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది.

“వేదము చదివినవాడు ఇట్లనవచ్చునా?” అందురేమో. సామగానము చేయువారి ప్రథమస్వరము వేణువు యొక్క మధ్యమమని నారదీయశిక్ష చెప్పుచున్నది. ఆ వేణువు గోపాలుర చేతిది. శిక్షాకారునికి లేని చిన్నచూపు మనకెందుకు?

కావున ధర్మకర్తలకు ఒక మనవి. వచ్చే నవమి ఉత్సవములలో ఒక రాత్రి బొమ్మలాటవారికి కేటాయించండి. తాంబూలము, దక్షిణ మాకిచ్చినట్లే వారికీ ఇవ్వండి. ఈసారి నేను అరుగుమీద కాక, తెర ముందర కూర్చుండి విందును.

స్వస్తి.