బయటివాడి ఈల

1962 ఆగస్టు 2న బ్రెజిల్‌లోని సాంతోస్ పట్టణంలో, విలా బెల్మీరో మైదానంలో, కోపా లిబెర్తదోరెస్ ఫైనల్ రెండో ఆట జరిగింది. దక్షిణ అమెరికా క్లబ్బులకు అంతకంటే పెద్ద కప్పు లేదు. అది మొదలై అప్పటికి రెండేళ్లే. మొదటి ఆటను మాంటెవిడియోలో సాంతోస్ గెలిచి వచ్చింది కాబట్టి, సొంతగడ్డ మీద ఆట సమంగా ముగిసినా కప్పు వాళ్లదే. కానీ రెండో సగంలో ఉరుగ్వే జట్టు పెన్యరోల్ 3-2తో ముందుకు వెళ్లింది. ప్రేక్షకుల్లోంచి వస్తువులు వచ్చి పడ్డాయి. చిలీ నుంచి వచ్చిన రెఫరీ కార్లోస్ రోబ్లెస్‌కు దెబ్బ తగిలింది, ఆయన ఆట ఆపేశాడు. చాలాసేపటి తర్వాత ఆట మళ్లీ మొదలైంది. సాంతోస్ మూడో గోల్ కొట్టి సమం చేసింది. కప్పు వచ్చేసిందని ఊరు ఊరంతా పండగ చేసుకుంది. తీరా చూస్తే, ఆట ఆపిన క్షణానికే అది అధికారికంగా ముగిసిందని, ఆ తర్వాత ఆడింది లెక్కలోకి రాదని రెఫరీ తేల్చాడు. స్కోరు 3-2 గానే నిలిచింది.

మూడో ఆట తప్పలేదు. ఆగస్టు 30న దాన్ని రెండు జట్లకూ చెందని బ్యూనస్ ఎయిర్స్‌లో పెట్టారు. ఈల ఊదడానికి ఏకంగా ఖండం దాటి నెదర్లాండ్స్ నుంచి లియో హార్న్‌ను రప్పించారు. గాయంతో మొదటి రెండు ఆటలకూ దూరమైన పెలే ఆ రోజు దిగి రెండు గోల్స్ కొట్టాడు. సాంతోస్ 3-0తో గెలిచింది. ఈసారి తీర్పు మీద తగాదా లేకుండా కప్పు చేతులు మారింది.

సరిగ్గా ఐదు రోజుల తర్వాత, సెప్టెంబరు 4న, భూగోళానికి ఇవతలి పక్కన జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. భారత్, దక్షిణ కొరియా తలపడ్డాయి. ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు ప్రవేశం నిరాకరించడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ బహిరంగంగా తప్పుపట్టడంతో, జకార్తా జనం భారత ఆటగాళ్ల మీద మండిపడుతున్నారు. స్టేడియం నిండా వ్యతిరేక నినాదాలే. ఆ గోలలో మన జట్టు 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చింది. తలకు గాయమై కట్టుతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసకు పంపి గోల్ కొట్టించిన కోచ్, హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, ముందు వరుసలోని తులసీదాస్ బలరాం, యూసఫ్ ఖాన్ హైదరాబాదు, సికింద్రాబాదు నేల మీద పుట్టి ఆట నేర్చుకున్నవాళ్లు.

ఈ రెండు ఫైనల్స్‌ను పక్కపక్కన పెట్టడానికి తేదీల దగ్గరితనం ఒక్కటే కారణం కాదు. సాంతోస్‌లోనూ జకార్తాలోనూ జనం కళ్లు వెతికింది బయటివాడినే. తమవాడు కానివాడు మైదానంలో నిలబడితే వాడిని నమ్మాలా, అనుమానించాలా అన్నదే అక్కడి ప్రశ్న. పోటీ ముదిరిన ప్రతి చోటా రెఫరీ మీద వాదన చివరికి ఈ ప్రశ్న దగ్గరికే చేరుతుంది. తెలంగాణ ఫుట్‌బాల్ చరిత్ర ఈ ప్రశ్నకు చాలా దగ్గరగా నడిచింది. మన ఆటగాళ్లు దేశంలోకెల్లా పెద్ద వైరంలోకి బయటివాళ్లుగానే అడుగుపెట్టారు.

రహీమ్ 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యాడు. 1963 జూన్ 11న కేన్సర్‌తో చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నాడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి మైదానాన్ని కూడా తరగతి గదిలాగే నడిపాడు. బంతిని కాలికి అంటిపెట్టుకుని పరుగెత్తడం నిషేధించి కేవలం పాస్‌లతో ఆడే పోటీలు పెట్టాడు. వాటం లేని కాలితోనే ఆడాలని షరతు పెట్టి టోర్నమెంట్లు నడిపాడు. అలా తయారైన పిల్లలకు పోలీసు శాఖలో ఉద్యోగాలు దొరికాయి. రహీమ్ చేతికి వచ్చిన హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ను వరసగా ఐదేళ్లు గెలిచింది. 1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం దాకా వెళ్లిందంటే అందులో హైదరాబాదీల వాటా చాలా పెద్దది.

ఇక్కడ ఒక విషయం దాటవేయకూడదు. సిటీ పోలీస్ బొంబాయిలో కప్పు మీద కప్పు అందుకుంటున్న 1950, 1951 సంవత్సరాల్లో, రాజధానికి వంద కిలోమీటర్ల లోపే ఉన్న మోత్కూరు వంటి నల్లగొండ ఊళ్ల చుట్టూ తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటపు చివరి దశ నడుస్తోంది. 1946 జులైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి, 1951 అక్టోబరులో పోరాట విరమణ దాకా ఆ పల్లెల్లో పోలీసు అన్న మాటకు అర్థం సోదా, అరెస్టు, క్యాంపు. పట్నం పిల్లవాడికి పోలీసు జట్టు గర్వం. అదే పేరు నల్లగొండ రైతు ఇంట్లో వినిపిస్తే తలుపు గడియ పడేది. ఆ జట్టులోని కుర్రాళ్లకు ఆ క్యాంపులతో సంబంధం లేదు. అయినా దేశమంతా మెచ్చిన జట్టుకు సొంత రాష్ట్రపు పల్లెల్లో అభిమానులు పుట్టకపోవడంలో ఈ చరిత్రకు చోటుందని నేను నమ్ముతాను. హైదరాబాదు ఫుట్‌బాల్ పట్నంలోనే పెరిగి, ఊళ్లలోకి వేళ్లు దించకముందే రైలెక్కి కలకత్తా వెళ్లిపోయింది.

కలకత్తాలో దాని కోసం ఎదురుచూస్తున్న వైరం మామూలుది కాదు. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ గెలిచి జాతీయ గౌరవానికి గుర్తు అయింది. 1920లో జోరాబగాన్ జట్టు మోహన్ బగాన్‌తో ఆడాల్సిన రోజు శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి పక్కనపెట్టారు. అతను తూర్పు బెంగాల్ వాడు కావడమే కారణమని మనసు నొచ్చుకున్న సురేశ్ చంద్ర చౌధురి ఆ జట్టు నుంచి బయటికొచ్చి, తనలాంటి వాళ్లతో కలిసి ఆగస్టు 1న ఈస్ట్ బెంగాల్ క్లబ్ పెట్టాడు. ఒక మనిషిని మనవాడు కాదు అన్నందుకు పుట్టిన క్లబ్ అది. దేశ విభజన తర్వాత లక్షల మంది శరణార్థులకు అదే ఊరూ పేరూ చిరునామా అయింది. ఇటు మోహన్ బగాన్ వెనక పశ్చిమ బెంగాల్ ఘోటీలు, అటు ఈస్ట్ బెంగాల్ వెనక తూర్పు నుంచి వచ్చిన బాంగాళ్లు. రొయ్య మోహన్ బగాన్‌ది, పులస ఈస్ట్ బెంగాల్‌ది.

ఇంత గట్టి ఇంటి తగాదాలో గోల్స్ కొట్టే బాధ్యత మాత్రం బయటివాళ్ల మీద పడింది. 1949 నుంచి ఈస్ట్ బెంగాల్‌ను గెలిపించిన పంచ పాండవులు వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాది వాళ్లే. తర్వాత సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ నుంచి వచ్చిన బలరాం 1957లో ఆ ఎరుపు, పసుపు చొక్కా తొడిగాడు. ఆట మానేశాక కూడా సొంతూరికి తిరిగి రాలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో స్థిరపడ్డాడు, 2023 ఫిబ్రవరిలో అక్కడి నుంచే వెళ్లిపోయాడు.

తర్వాతి తరంలో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, హబీబ్ తమ్ముడు అక్బర్ వెళ్లారు. నయీముద్దీన్ నాయకత్వంలోనే 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ కాంస్యం గెలిచింది. ఈస్ట్ బెంగాల్‌కూ మోహన్ బగాన్‌కూ కోచ్‌గా పనిచేసిన వాళ్లలో ఆయన ఒకడు. 1976 జులై 24న కలకత్తా లీగ్ డెర్బీలో మోహన్ బగాన్ తరఫున అక్బర్ ఈల మోగిన 17 సెకన్లకే గోల్ కొట్టాడు. ఆ వేగం గురించి కలకత్తాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందరిలోనూ హబీబ్ స్థానం వేరు. 1966లో ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి, తర్వాత మోహన్ బగాన్‌కూ మహమ్మదన్ స్పోర్టింగ్‌కూ ఆడి, మూడు గ్యాలరీల చేతా బడే మియా అనిపించుకున్నాడు. క్లబ్ మారిన బెంగాలీ ఆటగాణ్ణి ద్రోహి అనే జనం హబీబ్‌ను ఆ మాట అనలేకపోయారు. అతను ఘోటీ కాడు, బాంగాళ్ కాడు. బయటితనమే అతనికి రక్ష. ఏ చొక్కా వేసుకుంటే ఆ చొక్కాకు చివరి నిమిషం దాకా పరుగెత్తిన నిజాయితీ కూడా ఆ రక్షకు తోడైంది.

1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో దక్షిణ అమెరికా స్వయంగా హబీబ్ ఎదుట నిలబడింది. పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో వచ్చాడు. 1970 ప్రపంచ కప్ అందుకున్న బ్రెజిల్ కెప్టెన్ కార్లోస్ అల్బెర్టో కూడా ఆ జట్టులో ఉన్నాడు. వాన నీళ్లు నిలిచిన మైదానంలో కార్లోస్ అల్బెర్టో మొదటి గోల్ కొట్టగా, మోహన్ బగాన్ తరఫున శ్యామ్ థాపా సమం చేశాడు, హబీబ్ ముందుకు తీసుకెళ్లాడు. కప్పులు గెలిచిన ఖండపు మహారథులు 2-1తో వెనకబడ్డారు. అప్పుడు కాస్మోస్‌కు పెనాల్టీ దొరికింది, కినాలియా దాన్ని గోల్ చేశాడు, ఆట 2-2 దగ్గర ఆగింది. అది పెనాల్టీయే కాదని మోహన్ బగాన్ అభిమానులు నాటి నుంచి నేటి దాకా అంటూనే ఉన్నారు. ఈల ఊదింది సొంత రెఫరీయే. ఇక్కడ అనుమానం తిరగబడింది. మనవాడు అతిథికి వంగాడన్నది జనం ఫిర్యాదు. నా దృష్టిలో ఆ రోజు పెనాల్టీ కన్నా పెద్ద నిజం, పెలే ఉన్న జట్టును వెనక్కి నెట్టిన గోల్ హైదరాబాదు గల్లీల్లో ఆట నేర్చినవాడిది కావడం. తెలుగునాట ఆ ఒక్క వాక్యం పాఠ్యపుస్తకంలో ఉండాల్సింది.

రెఫరీని బయటినుంచి తెచ్చుకోవడమే మార్గమని దక్షిణ అమెరికా చాలా ముందే అనుకుంది. స్థానిక రెఫరీలు పెద్ద క్లబ్బుల వైపు మొగ్గుతారన్న ఫిర్యాదులు ఎక్కువై, అర్జెంటీనా ఫుట్‌బాల్ సంఘం 1948లో బ్రిటన్ నుంచి రెఫరీలను జీతాలిచ్చి రప్పించింది. మన ఊళ్లలో అన్నదమ్ముల భూమి తగాదాకు పక్కఊరి పెద్దమనిషిని పిలిపించడం లాంటిదే అది. కానీ పక్కఊరు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. 1966 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా ఆటకు జర్మన్ రెఫరీ, జర్మనీ, ఉరుగ్వే ఆటకు ఇంగ్లిష్ రెఫరీ వచ్చినప్పుడు దక్షిణ అమెరికా అంతా కుట్ర అంది. బొకా జూనియర్స్ ఆటగాడు, అర్జెంటీనా కెప్టెన్ ఆంతోనియో రత్తీన్‌ను రెఫరీ క్రైట్‌లైన్ బయటికి పంపితే, ఆ ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాక రత్తీన్ చాలాసేపు కదల్లేదు. ఆ గందరగోళం చూశాకే ఇంగ్లిష్ రెఫరీ కెన్ ఆస్టన్‌కు పసుపు, ఎర్ర కార్డుల ఆలోచన వచ్చింది. 1970 నుంచి అవి అమల్లోకి వచ్చాయి.

బయటివాడైతే చాలు, జనం ఒప్పుకుంటారని కూడా లేదు. 1964 మే 24న లిమాలో పెరూ, అర్జెంటీనా ఒలింపిక్ అర్హత పోటీలో ఉరుగ్వే రెఫరీ పెరూ గోల్‌ను రద్దు చేశాడు. జనం మైదానంలోకి దూకారు, పోలీసులు బాష్పవాయువు వదిలారు, మూసిన గేట్ల వెనక 328 మంది ఊపిరాడక, నలిగి చనిపోయారు. ఆ నేరం రెఫరీ నిర్ణయానిది కాదు, గేట్లు మూసినవాళ్లది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో కలకత్తా డెర్బీలో ఈస్ట్ బెంగాల్‌కు చెందిన దిలీప్ పాలిత్, మోహన్ బగాన్‌కు చెందిన బిదేశ్ బోస్ తలపడ్డారు, రెఫరీ ఇద్దరికీ ఎర్ర కార్డు చూపాడు. వెంటనే గ్యాలరీలో కొట్లాట మొదలైంది. రెండు పక్షాల వాళ్లూ ఒకే గ్యాలరీలో కలిసి కూర్చున్నారు. 16 మంది చనిపోయారు. రెఫరీ మొదట్లోనే కఠినంగా ఉండాల్సిందని ఆ తర్వాత ఏళ్ల తరబడి వాదించారు. ఆ వాదనలో కొంత నిజముంది. కానీ వైరి అభిమానులను విడదీయకుండా కూర్చోబెట్టిన ఏర్పాటు గురించి అంతే గట్టిగా అడగకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. తప్పంతా ఈల పట్టిన ఒక్కడి మీద వేస్తే నిర్వాహకులు నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతారు.

ఈ చరిత్రలో హైదరాబాదు ఇచ్చిన బయటివాడు మరొకడున్నాడు. రహీమ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో తండ్రి శిక్షణలోనే ఉన్నాడు. ఒక్క ఆటలో కూడా మైదానంలోకి దిగే అవకాశం రాలేదు. కన్నకొడుకైనా జట్టు అవసరాన్ని బట్టే దింపుతానన్న రహీమ్ పద్ధతికి అది సాక్ష్యమని నేను అనుకుంటాను. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయిన హకీమ్ తర్వాత ఈల పట్టాడు. ఫిఫా గుర్తింపు పొందిన అంతర్జాతీయ రెఫరీగా 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్ ఆటలకు కూడా తీర్పు చెప్పాడు. ఆడినవాడు, కోచ్‌గా పనిచేసినవాడు, తీర్పు చెప్పినవాడు ఒకే మనిషి కావడం మన దేశంలో చాలా అరుదు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. 2021 ఆగస్టు 22న గుల్బర్గాలో చనిపోయినప్పుడు పత్రికలు ఆయన్ని ఎక్కువగా రహీమ్ కొడుకనే రాశాయి. రెఫరీగా ఆయన చేసిన పని విడిగా రాయదగ్గ చరిత్ర.

ఇప్పుడు తీర్పు కెమెరా ముందుకు వచ్చింది. కోపా లిబెర్తదోరెస్‌లో వీడియో రెఫరీ ఉన్నా తగాదాలు తగ్గలేదు. గీతలు గీసి చూపిస్తే గీత ఎక్కడ మొదలుపెట్టారని అడుగుతున్నారు. మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐ.ఎస్.ఎల్.)లో 2023 మార్చిలో బెంగళూరు ఆటగాడు గోడ నిలబడకముందే కొట్టిన ఫ్రీకిక్‌ను రెఫరీ గోల్‌గా ఇస్తే, కేరళ బ్లాస్టర్స్ జట్టు ఆట వదిలి వెళ్లిపోయింది. అంతకు ఏడాది ముందు, 2022 మార్చి 20న, అదే కేరళ జట్టును పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి హైదరాబాదు ఎఫ్.సి. ఐ.ఎస్.ఎల్. కప్ గెలిచింది. పోలీసు జట్టు రోజుల తర్వాత నగరానికి వచ్చిన అతి పెద్ద గెలుపు అది. ఈసారి టీవీలు, ఫోన్లు ఉండటంతో ఆ సంగతి నల్లగొండ, మోత్కూరు దాకా అదే రాత్రి చేరింది. 1950లలో సిటీ పోలీస్‌కు దక్కని అవకాశం అది. దాన్ని నిలబెట్టుకోలేకపోయాం. అప్పులు, జీతాల బకాయిల మధ్య ఆ జట్టు చితికిపోయింది, 2025లో ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. రహీమ్ నగరానికి దేశపు మొదటి శ్రేణి లీగ్‌లో నేడు సొంత జట్టు లేదు. అందుకే మన కుర్రాళ్లు అర్జెంటీనాలోని బొకా, రివర్ ప్లేట్ ఆటలో పెనాల్టీ గురించో, ఈస్ట్ బెంగాల్ ఆఫ్‌సైడ్ గురించో వాదించుకోవాల్సి వస్తోంది.