హెండ్రెర్ అవిద్ ఇఖావ్

ఉత్తర వేల్స్‌లోని డెన్‌బీషైర్‌కు చెందిన కలప చట్రపు రైతు ఇల్లు. మొదట లాన్‌గన్‌హావల్ ఊళ్లో ఉండేది. విప్పి తెచ్చి, కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ ఆరుబయలు మ్యూజియంలో తిరిగి నిలిపారు. 1962 నుంచి అక్కడే ఉంది. మానులోని వార్షిక వలయాలను లెక్కగట్టి, దీని కలపను 1508లో నరికారని తేల్చారు.

నిర్మాణంలో కీలకం వంపు దూలాల జంటలు. సహజంగా వంగి పెరిగిన ఓక్ మానును నిలువునా రెండుగా చీలిస్తే ఒకే వంపున్న రెండు దూలాలు వస్తాయి. వాటిని ఎదురెదురుగా నిలిపి, కొనలను పైన కలుపుతారు. కప్పు బరువును ఈ జంటలే నేలకు దించుతాయి. గోడలు మోసేది తక్కువ. అందుకే గోడలకు తడికల మీద మట్టి మెత్తితే సరిపోయింది. పచ్చి ఓక్‌నే చెక్కి, అతుకుల్లో కొయ్య చీలలు దిగగొట్టేవారు. కలప ఆరేకొద్దీ అతుకు బిగుసుకుంటుంది. వడ్రంగి పనితనమంతా ఇక్కడే కనిపిస్తుంది.

పైన గడ్డి కప్పు. ఇల్లు అయిదు అంకణాలు. దిగువ రెండూ పశువులకు, మిగిలినవి మనుషులకు. పొయ్యి నట్టింట నేలమీదే. పొగగొట్టం లేదు. కిటికీలకు అద్దాలు లేవు, నిలువు కొయ్య కమ్మీలే. వాటి సందుల్లోంచీ కప్పు గడ్డిలోంచీ పొగ బయటికి పోయేది.