కారు టేపు, చేతిలో ఫోను, మధ్యలో అరవై ఏళ్ళు

సాఫ్ట్‌వేర్ వాళ్ళం బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ గురించి తెగ మాట్లాడుకుంటాం. నన్నడిగితే దానికి అసలైన ఉదాహరణ ఏ ఆపరేటింగ్ సిస్టమూ కాదు. పాత కార్లలో ఉండే క్యాసెట్ టేపు!

కొంచెం వెనక్కి వెళ్దాం. 1930లో అమెరికాలో గాల్విన్ కంపెనీ కార్లకోసం అమ్మిన రేడియో పేరు మోటరోలా. తర్వాత కంపెనీకే ఆ పేరొచ్చింది. 1963లో ఫిలిప్స్ క్యాసెట్‌ని తెచ్చింది. సోనీ పట్టుబట్టడంతో ఆ డిజైన్‌ని రాయల్టీ లేకుండా మిగతా కంపెనీలకి ఇచ్చేసింది. దాంతో ప్రపంచంలో ఎవడు చేసిన క్యాసెట్ అయినా ఎవడి టేపులోనైనా ఆడింది. కారు స్టీరియో కొలత కూడా 180 × 50 మిల్లీమీటర్లని జర్మన్ స్టాండర్డ్‌తో స్థిరపడింది. అంటే ఇంటర్‌ఫేసులు ఓపెన్ అయ్యాయన్నమాట.

మన దగ్గర 1983 డిసెంబర్లో మారుతి 800 రోడ్డెక్కింది. అదే దశాబ్దంలో టీ-సిరీస్ లాంటి కంపెనీలు చవక క్యాసెట్లు దింపాయి. మా మందమర్రి లాంటి బొగ్గు ఊళ్ళల్లో పాటకి టైము షిఫ్టుని బట్టే. రాత్రి షిఫ్టు దిగొచ్చినోడికి రేడియోలో పాటలొచ్చే టైముతో ఏం పని? తనకు కావాల్సిన పాట తనకు కావాల్సినప్పుడు వినడమనేది క్యాసెట్‌తోనే మొదలైంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ టేపుకి ఫోన్ తగిలించొచ్చు. క్యాసెట్ అడాప్టర్లో రీలు ఉండదు, చిన్న హెడ్ ఉంటుంది. అది టేపు హెడ్‌కి ఎదురుగా కూర్చుని అయస్కాంత సంకేతం పంపిస్తుంది. పాపం టేపు మాత్రం క్యాసెట్ ఆడుతోందనే అనుకుంటుంది :) మనం టెస్టింగ్‌లో వాడే మాక్ ఆబ్జెక్ట్ ఇదేగా!

మరి పని చెయ్యకపోతే? పవర్ రాకపోతే ముందు ఫ్యూజు చూడండి. సాధారణంగా పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లు మర్చిపోతుంటే పసుపు వైర్లో లోపం ఉన్నట్టే. శబ్దం మందంగా వస్తే హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. బొగ్గు దుమ్ము ఊళ్ళో ఇది మరీ అవసరం. అడాప్టర్ పెట్టగానే టేపు అటూ ఇటూ తిరిగేస్తుంటే లోపలి పళ్ళచక్రాలు పట్టేసి ఉంటాయి, టేపు అయిపోయిందని ఆటో రివర్స్ అనుకుంటుంది. ఫోన్ ఛార్జింగ్ పెట్టినప్పుడే కీచుమని మోత వస్తే అది గ్రౌండ్ లూప్. ఛార్జర్ పీకి చూస్తే తెలిసిపోతుంది.

ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కూడా ఉంది కానీ హైదరాబాద్‌లో 91.1, 92.7, 93.5, 98.3 అన్నీ స్టేషన్లే, ఖాళీ వెతుక్కోవాలి. మందమర్రిలో ఆ బాధ చాలా తక్కువ. ఈ ఒక్క విషయంలో మా ఊరే నయం :)

"కొత్త టచ్ స్క్రీన్ పెట్టిద్దాం" అంటే మా బాపు "మంచిగున్నదాన్ని ఎందుకు తీసుడు రా?" అన్నాడు. మొదట చాదస్తమనిపించింది గానీ ఆలోచిస్తే పాయింటే. 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్కులు ఆపేసినప్పుడు ఎన్నో కార్లలో కనెక్టెడ్ సర్వీసులు చచ్చిపోయాయి. కారు బానే ఉంది, వైర్లు బానే ఉన్నాయి, అవతల సర్వీసు లేదు. 2016లో ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ రంధ్రమే తీసేశారు. ఇప్పుడు అడాప్టర్‌కి ఇంకో అడాప్టర్ కావాలి.

పాత టేపు పాడైతే బెల్టు మార్చుకుంటాం, టంకం పెట్టుకుంటాం. కొత్తది పాడయ్యే ముందే ఎవరో "సపోర్ట్ అయిపోయింది" అంటారు. రోజూ కోడ్ రాసే మనమే ఆ మాట అనేవాళ్ళం కూడా. కాబట్టి వచ్చే రిలీజ్‌లో ఏదన్నా ఇంటర్‌ఫేస్ పీకేసేముందు, 1963 నాటి ఆ క్యాసెట్‌ని ఒకసారి గుర్తు చేసుకుందాం. ఇరవై ఏళ్ళ తర్వాత మన కోడ్‌కి ఎవరైనా ఏదైనా తగిలించుకోగలరా?